తమ్ముడు ఇంజెక్షన్లు తీసుకుంటున్నాడు, కొత్త సిరంజీలు నేనే కొనివ్వడం తప్పా? (వరంగల్)

హన్మకొండ_అక్క
పేరు చెప్పలేను, అర్థం చేసుకోండి. మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. ఒక చిన్న నర్సింగ్ హోంలో కంపౌండర్‌గా చేసేవాడు, అక్కడే పెంటజోసిన్ అనే నొప్పి ఇంజెక్షన్ అలవాటైంది. మొదట నడుము నొప్పికని ఒకటి, తర్వాత నైట్ డ్యూటీ గడవాలని ఒకటి, ఇప్పుడు అది పడకపోతే ఒళ్లంతా గుంజుతుంది, ముక్కు కారుతుంది, రాత్రంతా నిద్ర ఉండదు. ఉద్యోగం పోయింది. కాజీపేటలో ఇంకో ఇద్దరితో కలిసి రూంలో ఉంటున్నాడు. ముగ్గురూ ఒకటే సిరంజి వాడుతున్నారని మొన్న వాడి నోటితోనే విన్నాను, అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

తెలిసిన నర్సు ఒకామె "ముందు కొత్త సిరంజీలన్నా కొనివ్వు, మాన్పించడం తర్వాత చూద్దాం" అంది. మా ఆయనేమో "నువ్వే సూది చేతికిస్తే ఇంక వాడెందుకు మానేస్తాడు" అంటున్నాడు. ఒకసారి ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్‌లో చేర్పించాం, అక్కడ కొట్టారట, కాలికి గొలుసు కూడా వేశారట, ఇప్పుడు దవాఖాన పేరెత్తితేనే లేచి వెళ్లిపోతాడు. దయచేసి "మాన్పించండి" అని మాత్రం రాయకండి, ఆ పని చేస్తూనే ఉన్నాం. ఇవ్వొచ్చా లేదా, ఇస్తే పోలీసు కేసు అవుతుందా, వరంగల్‌లో ఇలాంటివాళ్లకు ఏమైనా ఉందా, ఇవి చెప్పండి చాలు.

ఫీల్డ్_వర్కర్_ఓరుగల్లు
చెల్లె, ఇవ్వొచ్చు. నేను టీఐ ప్రాజెక్టులో ఔట్‌రీచ్ వర్కర్‌గా చేశాను, ఈ పనే నా పని, అందుకే ధైర్యంగా చెప్తున్నా. టీఐ అంటే టార్గెటెడ్ ఇంటర్వెన్షన్, హెచ్ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ల కోసం నడిచే ప్రాజెక్టు, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) డబ్బులిస్తుంది, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద ఎన్జీవోలు నడుపుతాయి. ఇంజెక్షన్ వాడేవాళ్లకు కొత్త సిరంజీలు ఫ్రీగా ఇవ్వడం, వాడినవి తిరిగి తీసుకోవడం, సూది పడ్డచోట పుండ్లయితే డ్రెస్సింగ్ చేయించడం, కండోములు ఇవ్వడం, హెచ్ఐవీ టెస్టుకు వెంట తీసుకెళ్లడం, ఇదంతా ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మీ ఆయనకు ఈ మాట చెప్పు. నువ్వు చేద్దామనుకున్న పని సర్కారే చేస్తోంది.

ఎందుకు చేస్తోందో కూడా చెప్తాను. మణిపూర్‌లో ఇంజెక్షన్ వాడేవాళ్లలో హెచ్ఐవీ మొదట బయటపడింది 1989లో, ఆ తర్వాత ఏడాది తిరిగేలోపే టెస్టు చేసినవాళ్లలో దాదాపు సగం మందికి ఉందని తేలింది. రక్తం అంటిన సూది అంత వేగంగా పాకిస్తుంది. ఆ తర్వాత వాళ్ల భార్యలకు, పుట్టిన పిల్లలకు వచ్చింది. ఇప్పటికీ దేశంలో మామూలు పెద్దవాళ్లలో హెచ్ఐవీ వెయ్యికి ఇద్దరికి ఉంటే, ఇంజెక్షన్ వాడేవాళ్లలో 2021 సర్వేలో వందకు తొమ్మిది మందికి కనిపించింది. మీ తమ్ముడి రూంలో ఉన్న ముగ్గురిలో ఒక్కరికి ఉన్నా చాలు.

కొత్త సూదులు ఇస్తే వాడకం పెరుగుతుందని మీ ఆయన ఒక్కడే కాదు, చాలామంది అనుకుంటారు. 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సూదులు మార్చి ఇవ్వడం మొదలైంది, అప్పటినుంచి ఎన్నో దేశాల్లో చూశారు, సూదులు ఇచ్చినచోట వాడకం పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. తగ్గింది రోగాలు. ఇంకోటి, సూది కోసం మన దగ్గరికి వచ్చేవాడితోనే కదా మాట్లాడగలం. ఒకడు నెలల తరబడి సిరంజీ తీసుకొని మాట్లాడకుండా పోయేవాడు, ఒకరోజు చెయ్యి వాచి వచ్చాడు, ఆ డ్రెస్సింగ్ అయ్యేలోపు ఇంటి సంగతులన్నీ చెప్పాడు. ఆరోజు నుంచి టాబ్లెట్ గురించి అడగడం మొదలుపెట్టాడు.

ఆ టాబ్లెట్ పేరు బుప్రెనార్ఫిన్, సూది బదులు రోజూ ఆ టాబ్లెట్ ఇచ్చే కార్యక్రమాన్ని ఓఎస్‌టీ అంటారు. పెంటజోసిన్ కూడా ఓపియాయిడ్ జాతిదే, అంటే హెరాయిన్ లాంటి మత్తుమందుల జాతిదే కాబట్టి మీ తమ్ముడికి పనికొచ్చే అవకాశం ఉంది, అది డాక్టరు చూసి చెప్పాలి. మన రాష్ట్రంలో టీఐలు ఎక్కువగా వేరే వర్గాలకు ఉన్నాయి, ఇంజెక్షన్ వాళ్లకు తక్కువ. అందుకే ముందు 1097కు ఫోన్ చేసి దగ్గరలో ఏ టీఐ, ఏ ఓఎస్‌టీ సెంటర్ ఉందో అడుగు. అది నాకో వాళ్ల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.

మెడికల్_షాప్_కరీంనగర్
అక్కా, సిరంజీ కొనడానికి చీటీ అక్కర్లేదు. చాలా షాపుల్లో కుర్రాళ్లు అడిగితే లేదంటారు, నాకు తెలుసు. పోలీసుల భయం, షాపు ముందు గుంపు చేరుతుందనే భయం. మీరు వెళ్లి అడిగితే ఇస్తారు. మందు సంగతి వేరే. పెంటజోసిన్ షెడ్యూల్ హెచ్1లో ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టర్‌లో పేషెంటు పేరు, డాక్టరు పేరు రాసి మూడేళ్లు దాచాలి. నేను మందు ఇవ్వను, సిరంజీ మాత్రం ఎవరడిగినా ఇస్తాను. సిరంజీ లేదని పంపిస్తే వాడు మానేసి ఇంటికి పోడు, చెత్తకుండీలో వెతుక్కుంటాడు. మా షాపు వెనక సందులో చూశాను కాబట్టి చెప్తున్నా.

సూది విడిగా ఊడొచ్చే సిరంజీలో నొక్కేశాక కూడా కొంచెం రక్తం మిగిలిపోతుంది. ఇన్సులిన్ సిరంజీకి సూది అతికే ఉంటుంది, అందులో మిగిలేది చాలా తక్కువ. అయినా ఏదైనా సరే ఒకరికి ఒకటి, ఒకసారికి ఒకటి.

పెద్దపల్లి_నాన్న
నేను ఒప్పుకోను. కోపంతో రాయడం లేదు, నా కొడుకు సంగతి కాబట్టి రాస్తున్నా. ఇంట్లో సిరంజీల డబ్బా కనిపిస్తే వాడికి ఏం అర్థమవుతుంది? మా అమ్మానాన్న కూడా సరేనన్నారు అని. మేము ఊర్లో పొలం దగ్గర గదిలో పెట్టి, నేను గడప ముందే మంచం వేసుకొని పడుకున్నాను. ఏడ్చాడు, తిట్టాడు, వాంతులు చేసుకున్నాడు, పదిరోజులకు మనిషయ్యాడు. ఇప్పుడు నాతోపాటు పొలానికి వస్తున్నాడు. ఒక అడుగు సందు ఇస్తే ఇది జరిగేది కాదు. ఆడపిల్లవు, దయతలిచి ఇస్తావు, రేపు వాడు అదే అలుసుగా తీసుకుంటాడు తల్లీ.

స్టాఫ్_నర్సు_జగిత్యాల
నాన్నగారూ, మీ అబ్బాయి నిలబడ్డాడంటే సంతోషం. కానీ మీకు ఒక విషయం తప్పకుండా చెప్పాలి, నిదానంగా చదవండి. కొన్ని రోజులు మానేస్తే ఒంటికి ఆ మందును తట్టుకునే శక్తి పడిపోతుంది. మనసు మాత్రం పాత మోతాదునే గుర్తు పెట్టుకుంటుంది. దోస్తు కలిసో, పెళ్లిలోనో మళ్లీ ఒక్కసారి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. డీ అడిక్షన్ నుంచి, జైలు నుంచి వచ్చిన మొదటి వారాల్లోనే ఎక్కువమంది పోతారు, ప్రపంచమంతా ఇదే లెక్క. అందుకని "మళ్లీ తీసుకుంటే చంపేస్తా" అని కాకుండా "పొరపాటున తీసుకున్నా సరే, ఒక్కడివే ఉండి తీసుకోకు, ముందు నాకు ఫోన్ చెయ్యి" అనే మాట ఇంట్లో ఉండాలి.

మోతాదు మించితే ఎట్లా తెలుస్తుందో అందరూ గుర్తు పెట్టుకోండి. పిలిస్తే పలకడు, గిల్లినా లేవడు. పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. ఊపిరి చాలా నెమ్మదిగా ఉంటుంది, లేదా గురకలాంటి చప్పుడు వస్తుంది. "మంచిగ నిద్రపోతున్నాడులే" అని వదిలేసిన గురక అది. ఎక్కువసార్లు కంటిపాప చుక్కంతై ఉంటుంది, అది లేకపోయినా మిగతావి చాలు. వెంటనే 108కి ఫోన్ చేయండి, "ఊపిరి ఆడటం లేదు, మత్తు ఇంజెక్షన్ తీసుకున్నాడు" అని దాచకుండా చెప్పండి. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదు సెకన్లకోసారి ఊపిరి ఊదండి. తనంతట తను ఊపిరి తీసుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులో అడ్డుపడకుండా. మజ్జిగ, చింతపండు నీళ్లు, ఉప్పునీళ్లు పోయొద్దు, చన్నీళ్లు గుమ్మరించొద్దు. స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

దవాఖానలో నలోక్సోన్ అని ఇంజెక్షన్ ఇస్తారు, నిమిషాల్లో ఊపిరి వస్తుంది. పెంటజోసిన్‌కు కొంచెం ఎక్కువ డోసు పట్టొచ్చు. అది ఇచ్చి లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోకండి. అర్ధగంట నుంచి గంటన్నరలో దాని పని అయిపోతుంది, లోపలి మత్తు ఇంకా ఉంటే మళ్లీ పడిపోతాడు.

మనవైపు ఇంకో ముప్పుంది. కల్తీ కల్లు. అందులో అల్ప్రజోలమ్, డైజిపామ్ కలుపుతారు. కల్లు తాగి పైన ఈ ఇంజెక్షన్ తీసుకుంటే రెండూ కలిసి ఊపిరి మీదే పడతాయి. విడివిడిగా తట్టుకున్న మనిషి రెండూ కలిస్తే తట్టుకోడు.

పెద్దపల్లి_నాన్న
అమ్మా, ఈ నలోక్సోన్ ఇంట్లో పెట్టుకోవచ్చా? మాకు దగ్గర దవాఖాన అంటే అర్ధగంట పైనే.

స్టాఫ్_నర్సు_జగిత్యాల
మన దగ్గర ఎక్కువగా ఇంజెక్షన్ రూపంలోనే దొరుకుతుంది, డాక్టరు చీటీ కావాలి. సైకియాట్రీ ఓపీలో అడగండి నాన్నగారూ, దగ్గర దవాఖాన లేదని చెప్పండి. కొన్ని దేశాల్లో ముక్కులో కొట్టే స్ప్రే ఇంటివాళ్లకే ఇస్తారు, ఇక్కడ కూడా ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను. అప్పటిదాకా నోటితో ఊపిరి ఊదడం నేర్చుకోండి, 108 వచ్చేదాకా ప్రాణం నిలబెట్టేది అదే.

లారీ_అన్న_గోదావరిఖని
నేను వాడినవాణ్ణే. పంజాబ్ లైన్‌లో లారీ నడిపేటప్పుడు లూధియానాలో చిట్టా అలవాటైంది, అక్కడ హెరాయిన్‌ను అట్లాగే అంటారు. మొదట పొగ పీల్చేవాణ్ణి, తర్వాత సూదికి వచ్చాను. చెల్లె, నీ తమ్ముడికి నువ్వు చెప్పాల్సిన మాట నేను రాస్తా, వాడికి చూపించు.

తమ్మీ, ఓఎస్‌టీ అంటే గొలుసు లేదు, తాళం లేదు, గుండు గీయరు. పొద్దున పోతావు, నర్సు ముందు నాలుక కింద టాబ్లెట్ పెడుతుంది, కరిగేదాకా కూర్చుంటావు, నోరు తెరిచి చూపిస్తావు, డ్యూటీకి పోతావు. అంతే. మొదటి టాబ్లెట్ రోజు మాత్రం ఒక సంగతి యాది పెట్టుకో. ఒంట్లో మందు దిగి గుంజుడు మొదలయ్యాకనే వేస్తారు, అందుకు పన్నెండు గంటలో ఇంకా ఎక్కువో ఆగాలి. దొంగచాటుగా తీసుకొని వచ్చి లేదని అబద్ధం చెప్తే ఆ టాబ్లెట్టే గుంజుడు తెప్పిస్తుంది, అది నరకం. డాక్టరుకు నిజం చెప్పు. వాళ్లు తిట్టరు, వాళ్లకు కావలసింది టైము తెలియడమే.

పంజాబ్‌లో 2018 నుంచి ఓట్ (OOAT) క్లినిక్‌లని పెట్టారు, అక్కడ బుప్రెనార్ఫిన్, నలోక్సోన్ కలిపిన టాబ్లెట్ ఇస్తారు, దాన్ని నూరి సూదిలో ఎక్కిద్దామంటే నలోక్సోన్ అడ్డం పడుతుంది. నేను అక్కడే చేరాను. గుంజుడు పోయింది, కిక్ లేదు, అన్నం తినబుద్ధయింది, ఇంటికి డబ్బులు పంపించాను. ఎన్నాళ్లు వేసుకోవాలి అని అందరూ అడుగుతారు. బీపీ గోళీ ఎన్నాళ్లని ఎవరూ అడగరు కదా. నేను ఇంకా వేసుకుంటూనే ఉన్నా, బండి నడుపుతూనే ఉన్నా, నా బిడ్డ పదో తరగతి. ఒక మత్తు పోయి ఇంకో మత్తు అనేవాళ్లను నా ఇంటికి వచ్చి చూడమను.

స్టాఫ్_నర్సు_జగిత్యాల
లారీ అన్న చెప్పింది ఆయన ఒక్కడి అనుభవం అనుకోకండి. ఓఎస్‌టీలో ఉన్నవాళ్లకు హెచ్ఐవీ సోకడం సగానికి పైగా తగ్గుతుందని, 54 శాతం తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి లెక్క తేల్చారు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి అయితే ఓఎస్‌టీ ఒక్కటే ఉంటే సగం, దానికి తోడు కొత్త సిరంజీలు కూడా సరిపడా అందితే 74 శాతం తగ్గుతుంది. రెండూ కలిసి ఉండాలి. టాబ్లెట్ ఉంది కదా అని సిరంజీలు ఆపేయకూడదు, ఎందుకంటే మొదట్లో చాలామంది రెండూ నడిపిస్తారు.

జిమ్_నిజామాబాద్
ఒక డౌట్. మా వైపు జిమ్ పిల్లలు మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ వేసుకుంటున్నారు, వర్కవుట్‌కి ఊపొస్తుందని. వాళ్లకు కూడా ఈ బుప్రెనార్ఫిన్ ఇప్పించొచ్చా? నేను ట్రైనర్‌ని, ఇద్దరు ముగ్గురిని చూస్తే భయమేస్తోంది, రాత్రుళ్లు ఎవరో వెంటపడుతున్నారని అంటున్నారు.

ఫీల్డ్_వర్కర్_ఓరుగల్లు
లేదు అన్నా, పనిచేయదు. అది ఆపరేషన్లో బీపీ పడిపోతే ఎక్కించే మందు, మత్తు కాదు, ఉద్రేకం పెంచే జాతి. దానికి ఓఎస్‌టీ లేదు, నలోక్సోన్ కూడా పనికిరాదు. గుండె దడ, బీపీ, ఎవరో వెంటపడుతున్నారనే భ్రమ, ఇవన్నీ దానివల్లే వస్తాయి. ఆ భ్రమ ఉన్నవాళ్లను సైకియాట్రిస్టుకు చూపించడం ఆలస్యం చేయొద్దు. గుండెలో నొప్పి అంటే 108. ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమను, రోజంతా ఉంటుంది. సిరంజీ మాత్రం వాళ్లకు కూడా ఎవరిది వాళ్లకే ఉండాలి. ఒకే వయల్‌లోకి, అంటే మందు సీసాలోకి అందరూ అదే సూది గుచ్చి తీస్తారు చూడు, అక్కడే ఒకరి రోగం అందరికీ పోతుంది. జిమ్ పిల్లలు తమను తాము ఇంజెక్షన్ వాడేవాళ్లుగా లెక్కేసుకోరు, అందుకే టెస్టుకు రారు. నువ్వు ట్రైనర్‌వి, నీ మాట వింటారు, నువ్వే తీసుకెళ్లు.

వకీల్_సాబ్_హన్మకొండ
చట్టం సంగతి నేను చెప్తాను. హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. అందులో 22వ సెక్షన్ ప్రకారం, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల పద్ధతిలో హెచ్ఐవీ వ్యాప్తి ముప్పు తగ్గించడానికి చేసే పని నేరం కాదు. సిరంజీలు పంచే టీఐ వర్కర్‌కు, అక్కడ తీసుకునేవాడికి ఆ రక్షణ ఉంది. కాబట్టి మేడమ్, విడిగా షాపులో కొనడం కన్నా మీ తమ్ముడిని టీఐలో నమోదు చేయిస్తే ఇంకా భద్రం. సిరంజీ కొనడం ఎలాగూ నేరం కాదు.

మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో మత్తుమందు వాడటం నేరమే, 27వ సెక్షన్. కానీ అదే చట్టంలో 64ఏ అని ఉంది, వాడకం కేసు ఉన్నవాడైనా, చిన్న పరిమాణంతో దొరికినవాడైనా, అలవాటుపడ్డ మనిషి తనంతట తాను వైద్యానికి ముందుకొస్తే, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన చోట చేరితే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు తీసేయొచ్చు. ఇది స్టేషన్లో చెప్పేవాళ్లు తక్కువ, కోర్టులో అడిగే కుటుంబాలు ఇంకా తక్కువ. అడగండి.

గొలుసు గురించి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మద్యం, మత్తుమందుల అలవాటుకు సంబంధించిన స్థితులకు కూడా వర్తిస్తుంది. ఏ రూపంలోనూ మనిషిని గొలుసుతో కట్టకూడదని 95వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఆ సెంటర్ మీద ఫిర్యాదు చేసే హక్కు మీ తమ్ముడికి ఉంది, ఇప్పుడు కాకపోయినా తర్వాతైనా.

శివనగర్_కుర్రోడు
మా అమ్మ సఫాయి పని చేస్తుంది. పట్టాల పక్కన, బాత్రూంల వెనక చెత్త ఎత్తేటప్పుడు ఆమెకు సూది గుచ్చుకుంది. అందరూ వాడేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, ఆ సూది ఎత్తేవాళ్ల గురించి ఎవరు మాట్లాడాలి?

ఫీల్డ్_వర్కర్_ఓరుగల్లు
నువ్వు అడిగింది న్యాయం తమ్మీ. ముందు అమ్మ సంగతి. ఎప్పుడు గుచ్చుకుంది? ఈ రోజో నిన్ననో అయితే ఇది చదవడం ఆపి వరంగల్ ఎంజీఎం దవాఖాన క్యాజువాలిటీకి తీసుకెళ్లు. హెచ్ఐవీ సోకకుండా ఆపడానికి పెప్ అని మందులుంటాయి, గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వేసుకోవాలి. గుచ్చుకున్నచోట సబ్బు, నీళ్లతో కడగాలి, రక్తం పిండకూడదు, నోటితో పీల్చకూడదు. హెపటైటిస్ బి టీకా వేయించారో లేదో అడుగు. సఫాయి పని చేసే ప్రతి ఒక్కరికీ ఆ టీకా ముందే వేయించాలి, కాంట్రాక్టరును అడిగి తీరాలి.

సిరంజీలు మార్చి ఇచ్చే పని మీ అమ్మకు కూడా కావాలి. పాతవి తెచ్చిస్తేనే కొత్తవని గట్టిగా పట్టుబట్టం, అట్లా చేస్తే రావడమే మానేస్తారు, కానీ మందపాటి డబ్బా ఇచ్చి అందులో వేసి తెమ్మంటాం, తెస్తారు. మేము కూడా పట్టాల పక్కన తిరిగి పటకారుతో ఏరుతాం. ఎవరూ ఏమీ ఇవ్వనిచోట వాడిన సూది వాడినచోటే పడుంటుంది.

శివనగర్_కుర్రోడు
పోయిన నెల అన్నా. అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడేం చేయాలి?

స్టాఫ్_నర్సు_జగిత్యాల
ఇప్పుడు పెప్ పనిచేయదు తమ్ముడూ, కానీ టెస్టు చేయించాలి. ఎంజీఎంలో ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ టెస్టు, కౌన్సెలింగ్ కేంద్రం ఉంది, హెచ్ఐవీ టెస్టు ఫ్రీ, వివరాలు బయటపెట్టకూడదని చట్టమే ఉంది. ఇప్పుడొకసారి, గుచ్చుకున్న రోజు నుంచి మూడు నెలలు నిండాక ఇంకోసారి. హెపటైటిస్ బి, సి కూడా అడగండి. ఒక్క గుచ్చుడికి హెచ్ఐవీ వచ్చే అవకాశం చాలా తక్కువ, అమ్మను భయపెట్టకు. ఎండలో పడున్న సూదిలో హెచ్ఐవీ ఎక్కువకాలం బతకదు. హెపటైటిస్ సి మాత్రం సిరంజీలో వారాల తరబడి బతకగలదు, అందుకే ఆ టెస్టు వదలొద్దు. ఒకవేళ ఉందని వచ్చినా ఇప్పుడు దానికి మందుంది, జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద 2018 నుంచి ప్రభుత్వమే ఫ్రీగా ఇస్తోంది, చాలామందికి మూడు నెలల గోళీలతో పూర్తిగా నయమవుతుంది.

హన్మకొండ_అక్క
అందరికీ దండం. లారీ అన్న రాసింది వాడికి పంపించాను. చదివాడు, నీలి గీతలు వచ్చాయి, జవాబు ఇవ్వలేదు, గంట తర్వాత "మొదటి టాబ్లెట్ రోజు నువ్వు వస్తావా" అని మాత్రం పెట్టాడు. మా ఆయన వకీల్ సార్ రాసింది చదివి ఇంకేం మాట్లాడలేదు, సిరంజీలు కొనడానికి బండి మీద నన్ను తనే తీసుకెళ్లాడు. ఇంకో మాట అడగాలి. వాడి తొడ మీద, భుజం మీద చర్మం చెక్కలా గట్టిపడింది, ఒకచోట పుండు మానడం లేదు. వాడు దాచేస్తున్నాడు. ఇది ఓఎస్‌టీలో చూస్తారా, వేరే డాక్టరా?

స్టాఫ్_నర్సు_జగిత్యాల
పెంటజోసిన్ ఎక్కువకాలం వాడితే చర్మం, లోపలి కండ అట్లాగే గట్టిపడతాయి అక్కా, చూసిన డాక్టరుకు వెంటనే అర్థమవుతుంది. అదే చోట మళ్లీ గుచ్చకూడదు, అది మొదటి మాట. పుండును రోజూ సబ్బునీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కప్పండి, పసుపు, బూడిద, టూత్‌పేస్టు పెట్టొద్దు. పుండు చుట్టూ ఎర్రగా వేడిగా పాకుతున్నా, చలిజ్వరం వచ్చినా, కంపు కొట్టినా ఆరోజే సర్జరీ ఓపీకి తీసుకెళ్లండి, సూది ద్వారా క్రిములు గుండె దాకా పోతాయి. జ్వరం లేకపోతే ఓఎస్‌టీ డాక్టరుకు మొదటిరోజే చూపించండి, ఆయనే రాసి పంపిస్తారు.

ఫీల్డ్_వర్కర్_ఓరుగల్లు
చెల్లె, ఆ రూంలో ఉన్న మిగతా ఇద్దరి సంగతి కూడా చూడాలి. తమ్ముడు ఒక్కడే వచ్చి వాళ్లు అక్కడే ఉంటే, సాయంత్రం మళ్లీ ఆ రూంకే పోతాడు. నువ్వు కొన్న సిరంజీలు ముగ్గురికీ సరిపోయేటట్టు ఇవ్వు. టీఐ వాళ్లు దొరికాక ముగ్గురి పేర్లూ ఒకేసారి రాయించు. ఎవరైనా కాదంటే బలవంతం చేయొద్దు, సిరంజీలు మాత్రం ఆపొద్దు. 1097 వాళ్లు ఏం చెప్పారో ఇక్కడ రాయి, ఆ సెంటర్ దూరమైతే రోజూ పోయి రావడం ఎట్లా అనేది కలిసి చూద్దాం. లారీ అన్నా, ఆమె తమ్ముడు ఒప్పుకుంటే ఒకసారి ఫోన్లో మాట్లాడతావా?

లారీ_అన్న_గోదావరిఖని
మాట్లాడతా. రాత్రి తొమ్మిది తర్వాత బండి ఆపుతా, అప్పుడైతే ఎంతసేపైనా.